మిస్సింగ్: ఇంటి ముంగిట ఇంజను పరీక్ష

1983 డిసెంబరు 14న తొలి మారుతీ 800 కారు తాళంచెవులు యజమాని చేతికి అందాయి. గుర్‌గావ్‌లో తయారైన ఆ చిన్న కారుకు ఉన్నవి మూడే సిలిండర్లు. నాటి నుంచి నేటి వరకు రాజధాని ప్రాంతపు మధ్యతరగతి కుటుంబాలలో అనేకం మూడు సిలిండర్ల ఇంజనుతోనే సంసారం సాగిస్తున్నాయి. ఇట్టి ఇంజనులో ఒక సిలిండరు మొరాయించిందా, శక్తిలో మూడవ వంతు పోయినట్లే. బండి వణుకుతుంది, ఫ్లైఓవరు ఎక్కనంటుంది. ఢిల్లీ మిస్త్రీలు దీనినే ‘మిస్సింగ్’ అంటారు.

వణుకును ఓర్చుకుని కాలం గడిపేవారు మనలో ఉన్నారు. వారికొక చిన్న లెక్క మనవి చేస్తాము. కారు నిలిచి ఉండగా ఇంజను నిమిషానికి 750 చుట్లు తిరుగుతున్నదనుకుందాం. నాలుగు స్ట్రోకుల యంత్రం కనుక ప్రతి సిలిండరులోను రెండు చుట్లకొకసారి, అనగా నిమిషానికి 375 సార్లు, దహనం జరగాలి. ఒక సిలిండరు పూర్తిగా పని మానితే, నిమిషానికి 375 మార్లు మండని ఇంధనం సైలెన్సరు దారి పడుతుంది. ఆ దారిలోనే కెటలిటిక్ కన్వర్టరు ఉన్నది. మండని ఇంధనం దానిలో మండి, లోపలి తేనెపట్టు వంటి పింగాణీ దిమ్మెను కరిగించగలదు. ఢిల్లీతో సహా నాలుగు మహానగరాలలో 1995 ఏప్రిల్ 1 నుంచి కొత్త పెట్రోలు కార్లకు తప్పనిసరి చేసిన పరికరం ఇది. అది పోతే ఇంటి బడ్జెటు తలక్రిందులవుతుంది. నవంబరు మాసపు ఢిల్లీ గాలికి మన వంతు విషం కూడా చేరుతుంది. డాష్‌బోర్డు మీద ఇంజను దీపం ఆగి ఆగి మినుకుమంటే ఇక ప్రయాణం కొనసాగించరాదు.

మా విభాగంలో పనిచేసే ఒక యువ ఇంజనీరుకు గత చలికాలంలో ఈ చిక్కే వచ్చింది. వారానికి రెండుసార్లు తల్లిగారిని డయాలిసిస్‌కు తీసుకువెళ్లవలసిన కారు అది. ఒక వర్క్‌షాపువారు బానెట్టు ఎత్తి చూసి, ఇంజెక్టర్లన్నీ మార్చాలని, కన్వర్టరు కూడా పోయినదని చెప్పి నలభై వేల రూపాయల అంచనా చేతిలో పెట్టారు. “కన్వర్టరు మార్చక తప్పదంటారా, సార్?” అని ఆయన అడిగారు. “ముందు జబ్బు ఏ సిలిండరులో ఉన్నదో తేలనివ్వండి. మందు సంగతి తరువాత చూద్దాం” అన్నాము. ఆదివారం ఉదయం ఇంజను చల్లగా ఉండగా, వారి ఇంటి ముందు ఆరుబయటనే పని మొదలైంది. బేస్‌మెంటు పార్కింగులో ఇంజను నడిపి పరీక్షించడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు.

ఆ కారు సీఎన్‌జీతోనూ పెట్రోలుతోనూ నడుస్తుంది. బస్సులను సీఎన్‌జీకి మార్చాలని 1998 జూలైలో సుప్రీంకోర్టు ఆదేశించిన పిదప ఢిల్లీలో వేళ్లూనిన ఇంధనమిది. రెండు ఇంధనాలుండడం రోగనిర్ణయానికి వరమని మా అభిప్రాయం. పెట్రోలు మీద మాత్రమే ఇంజను తడబడితే పెట్రోలు ఇంజెక్టర్లను, పంపును అనుమానించాలి. రెండింటి మీదా తడబడితే కాయిలు, ప్లగ్గు, వాల్వుల వైపు చూడాలి. గ్యాసు మీద మాత్రమే తడబడితే గ్యాసు ఇంజెక్టరైనా కారణం కావచ్చు, బలహీనమైన నిప్పురవ్వ అయినా కావచ్చు. గ్యాసు మిశ్రమాన్ని వెలిగించడానికి ప్లగ్గు వద్ద అధిక వోల్టేజీ అవసరం. పెట్రోలు మీద నెట్టుకువచ్చే ప్లగ్గు గ్యాసు మీద చేతులెత్తేస్తుంది. ఆ యువకుని కారు పెట్రోలు మీద సాఫీగా నడిచింది, గ్యాసు మీద వణికింది. కనుక పెట్రోలు ఇంజెక్టర్లు నిర్దోషులని స్పానరు పట్టకముందే తేలిపోయింది.

2013 ఏప్రిల్ నుంచి కార్లలో ఓబీడీ-2 వ్యవస్థ తప్పనిసరి అయింది. క్రాంకు తిరిగే వేగంలో కలిగే సూక్ష్మమైన తొట్రుపాటును బట్టి కంప్యూటరు తప్పిన సిలిండరును గుర్తిస్తుంది. స్టీరింగు కింది సాకెట్టులో చిన్న కోడ్ రీడరు పెట్టగా ‘పి 0302’ అని వచ్చింది, అనగా రెండవ సిలిండరు. ఇక్కడ చాలామంది వెంటనే కాయిలు కొని తెస్తారు. అది అనవసరపు ఖర్చు. రెండవ కాయిలును మూడవ సిలిండరుకు, మూడవ దానిని రెండవ సిలిండరుకు మార్చి, కోడు చెరిపి నడిపాము. మళ్లీ 0302. దోషం కాయిలుతో పాటు కదలలేదు గనుక కాయిలు మంచిదే. ఇంజను చల్లారిన తరువాత అదే విధంగా ప్లగ్గులు తారుమారు చేశాము. ఈసారి వచ్చింది 0303. దోషం ప్లగ్గును అనుసరించి మూడవ సిలిండరుకు నడిచింది.

ఆ ప్లగ్గును ఎండలో తిప్పి చూడగా తెల్లని పింగాణీ మీద వెంట్రుకవాసి నల్లని చార కనిపించింది. అది పగులు. బిగించేటప్పుడు సాకెట్టు వాలుగా పడితే ఇట్టి పగుళ్లు వస్తుంటాయి. పెట్రోలుకు సరిపడే వోల్టేజీని ఆ పగులు నిలువరించింది. గ్యాసుకు కావలసినంత వోల్టేజీ పెరిగేసరికి విద్యుత్తు కొనల మధ్య దూకడం మాని, పగులు వెంట సులువైన దారి చూసుకుంది. కశ్మీరీ గేటు బజారులో కొన్న మూడు కొత్త ప్లగ్గుల ఖరీదు వెయ్యి రూపాయలు దాటలేదు. కన్వర్టరును ముట్టుకోనే లేదు. మరునాటి డయాలిసిస్‌కు తల్లిగారు అదే కారులో వెళ్లారు.

ప్లగ్గు కొన చూసి ఇంజను లోపలి సంగతులు కొంత చెప్పవచ్చు. లేత గోధుమరంగు ఆరోగ్యం. పొడి మసి ఉంటే ఇంధనం ఎక్కువైనట్లు, పెట్రోలు తడి ఉంటే రవ్వ పడనట్లు, నూనె తడి ఉంటే రింగులో వాల్వు సీళ్లో అరిగినట్లు. కొత్త ప్లగ్గును మొదట చేతితోనే మరలోకి ఎక్కించాలి. అల్యూమినియం హెడ్డులో మర చెడితే బాగుచేయడం చిన్న పని కాదు. ఇంజను నడుస్తుండగా కాయిలు పీకి రవ్వ చూసే పాత అలవాటు నేటి కార్లకు పనికిరాదు. కాయిలు పాడవుతుంది, వేల వోల్టుల షాకు కూడా తగులుతుంది. వారాల తరబడి కదలని కారులో మొదట ఎలుకలు కొరికిన వైర్లకోసం వెదకండి. మా కాలనీలో ఈ బాధ ఇంజెక్టర్ల బాధకన్న ఎక్కువ!

కాయిలు, ప్లగ్గు, ఇంజెక్టరు అన్నీ మంచివై ఉండి కూడా ఒకే సిలిండరు తప్పుతుంటే కంప్రెషను కొలిపించాలి. గ్యాసు పొడి ఇంధనం. ఏళ్ల తరబడి దానిమీదే నడిచిన ఇంజనులో వాల్వు సీట్లు అరిగి, ట్యాపెట్ల సందు తగ్గిపోయి, వాల్వు పూర్తిగా మూసుకోదు. ఆ సందు సరిచేయడం అనుభవజ్ఞుడైన మిస్త్రీ పని. గ్యాసు సిలిండరు, దాని గొట్టాల జోలికి మాత్రం ఇంటివద్ద ఎవరూ పోరాదు. వాటిని అధీకృత కేంద్రంలోనే చూపించుకోవాలి.