ఆహారం ముట్టని కొండచిలువ పిల్ల: కారణాలు, యాజమాన్యం

వేరుశనగ పొలాల్లో ఎలుకలు, వాటి వెంట వచ్చే పాములు పుట్టపర్తి, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల రైతులకు కొత్త కాదు. కొండచిలువను ఇంట్లో పెంచడం మాత్రం నగరాల నుండి వ్యాపిస్తున్న కొత్త అలవాటు. పెంపకందారులు తరచుగా ఎదుర్కొనే సమస్య, పిల్ల ఆహారం తీసుకోకపోవడం. దీనికి ఎక్కువ సందర్భాల్లో కారణం వ్యాధి కాదు, భయం. తినిపించాలనే ఆతురత ఆ భయాన్ని మరింత పెంచుతుంది.

చట్టపరమైన అంశాలు

భారతీయ కొండచిలువ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని మొదటి షెడ్యూలుకు చెందినది. దీనిని పట్టుకోవడం, పెంచడం నేరం. 3 నుండి 7 సంవత్సరాల జైలు శిక్ష విధించవచ్చు. పొలంలో దీని పిల్ల కనిపిస్తే ఆహారం పెట్టే ప్రయత్నం చేయక అటవీ శాఖకు తెలియజేయాలి. ఆఫ్రికా జాతియైన బాల్ పైథాన్ కలిగి ఉన్నవారు 2022 సవరణ చట్టం, 2024 నిబంధనల ప్రకారం దానిని నమోదు చేయించాలి. కింది సూచనలు అట్టి పాములకే వర్తిస్తాయి.

భయానికి మూలం

ఇది పొంచి ఉండి వేటాడే జీవి. పిల్ల దశలో అనేక జంతువులకు తానే ఆహారం కనుక, దాక్కునే చోటు లేనప్పుడు తలను మధ్యలో దాచుకొని బంతిలా చుట్టుకుంటుంది. ఆ స్థితిలో అది వేటాడదు. శీతరక్త జీవి కనుక తగిన వెచ్చదనం లేనప్పుడు జీర్ణక్రియ కూడా మందగిస్తుంది.

వసతి

చిన్న పెట్టెలో ఒక వైపు 31–33 డిగ్రీల సెల్సియస్, మరొక వైపు 25–27 డిగ్రీలు ఉండాలి. రెండు వైపులా శరీరానికి ఆనుకునేంత ఇరుకైన గూళ్ళు అమర్చాలి. వేడినిచ్చే పరికరానికి థర్మోస్టాట్ తప్పనిసరి. ఈ జిల్లాలో వేసవి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది కనుక అప్పుడు పెట్టెను చల్లని గదికి మార్చాలి. గాలిలో తేమ 60 శాతం దరిదాపుల్లో ఉండాలి. హిందూపురం పరిసరాల్లో పట్టుపురుగుల షెడ్లలో తడి గోనెపట్టాలు వేలాడదీసినట్లే, ఇక్కడ ఒక గూటిలో తడి నాచు ఉంచితే తేమ నిలుస్తుంది.

ఆహారం అందించే విధానం

కొత్తగా తెచ్చిన పిల్లను మొదటి వారం తాకరాదు. తరువాత సాయంత్రం, మసక వెలుతురులో ఆహారం అందించాలి. చిట్టెలుక పరిమాణం పాము శరీరపు అత్యంత లావైన భాగాన్ని మించరాదు. గడ్డకట్టించి నిల్వ చేసిన ఎలుకను పూర్తిగా కరిగించి, గోరువెచ్చని నీటిలో వెచ్చబరచి, పొడవైన పటకారుతో గూటి ముందు నెమ్మదిగా కదపాలి. పెదవులపై ఉన్న గుంటలు వేడిని పసిగడతాయి కనుక చల్లని ఎలుకను అది గుర్తించకపోవచ్చు. అప్పటికీ తీసుకోకపోతే ఎలుకను గూటి వాకిట ఉంచి, పెట్టెను కప్పి, ఉదయం తొలగించాలి. మరల ప్రయత్నించుటకు 5–7 రోజులు ఆగాలి. రోజూ ప్రయత్నించడం హానికరం. తిన్న తరువాత 48 గంటలు పామును ఎత్తరాదు.

బతికి ఉన్న ఎలుకను పాముతో వదిలివేస్తే అది పామునే కొరికి గాయపరచగలదు. పొలంలో పట్టిన ఎలుకలను ఎన్నడూ వాడరాదు. వాటిలో పరాన్నజీవులే గాక, ఎరలలో కలిపిన జింక్ ఫాస్ఫైడ్, బ్రోమాడయోలోన్ వంటి విషాల అవశేషాలు ఉండవచ్చు.

వైద్య సహాయం

కళ్ళు నీలిరంగుకు మారితే కుబుసం విడిచే సమయమని గ్రహించి వేచి ఉండాలి. మింగినది కక్కితే 10–14 రోజుల విరామం తరువాత మునుపటికన్నా చిన్న ఎలుకను ఇవ్వాలి. వారానికొకసారి బరువు నమోదు చేసి, 10 శాతం తగ్గినా, నోట నురగ లేదా శ్వాసలో శబ్దం కనిపించినా పశువైద్యుని సంప్రదించాలి. బలవంతంగా తినిపించడం వైద్యుడు మాత్రమే చేయవలసిన చివరి చికిత్స.

వెచ్చదనం, మరుగు, నిశ్శబ్దం సమకూరితే ఆరోగ్యవంతమైన పిల్ల చాలా వరకు తానే ఆహారం తీసుకుంటుంది. పెంపకందారులకు విస్తరణ సిబ్బంది ముందుగా సూచించవలసినది మందు కాదు, ఓర్పు.