ఆదివారం పుస్తకం మూసి.. బస్సెక్కండి!

ద్వారకానగర్‌లో కోచింగ్, పక్క సందులో హాస్టల్, రాత్రి పదకొండు దాకా రీడింగ్ రూమ్. విశాఖలో నా మూడేళ్లూ ఇలాగే గడిచాయి. ఎటైనా వెళ్దామని ఫ్రెండ్స్ పిలిస్తే ‘ఉద్యోగం వచ్చాక చూద్దాంలే’ అనేవాణ్ని. ఎలాగో ఓ ఇంటర్వ్యూ దాకా వెళ్లాను. బోర్డులో ఓ పెద్దాయన నా ఫారం చూసి, ‘విశాఖలోనే ఉంటున్నారుగా, తొట్లకొండ చూశారా?’ అన్నారు. హీనయాన బౌద్ధం, శాతవాహనుల నాణేలు, రోమన్ వెండి నాణేలు.. చదివిన బిట్లన్నీ గడగడా చెప్పేశాను. ఆయన చెయ్యెత్తి ఆపి, ‘అది సరే, అక్కడ ఆ తొట్లు దేనికి?’ అన్నారు. నోరు పెగల్లేదు. గంట కూడా పట్టని దూరంలో ఉన్న చోటుకు వెళ్లలేదని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ ఉద్యోగం రాలేదు. ఈ ఒక్క ప్రశ్నే కారణమని అనను కానీ, ఆ వారమే తొట్లకొండ ఎక్కాను.

భీమిలి వెళ్లే 900కె సిటీ బస్సు ఎక్కితే చాలు. రుషికొండ దాటాక ఎడమవైపు కొండలు, కుడివైపు సముద్రం. రోడ్డు మీద దిగి పైకి నడవాలి. ఎండెక్కకముందే వెళ్లండి, నీళ్ల సీసా మర్చిపోవద్దు. కొండ ఎత్తు 128 మీటర్లు. 1970ల్లో నౌకాదళం సర్వే చేస్తుంటే ఈ చోటు బయటపడింది. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. స్తూపం, భిక్షువుల గదులు, భోజనశాల పునాదులు చూస్తూ పోతే రాతిలో తొలిచిన తొట్లు కనిపిస్తాయి. వాన నీరు పట్టి దాచుకోవడానికి అవి! ఎదురుగా అంత సముద్రం, తాగడానికి మాత్రం చుక్క పనికిరాదు. అక్కడ నిలబడితే ఆ పెద్దాయన ప్రశ్నకు జవాబు ఎవరూ చెప్పక్కర్లేదు. తర్వాతి ఇంటర్వ్యూలో తొట్లకొండ ఊసే రాలేదు. నీటి ఎద్దడి గురించి అడిగారు. నేను ఆ తొట్లతోనే మొదలుపెట్టాను.

అదే దారిలో ముందుకెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. సినిమాల్లో చూసే ఉంటారు. గాలి, అలలు, వాన కలిసి వేల ఏళ్లపాటు పోగుచేసిన ఇసుక ఇది. ఇనుము తుప్పు పట్టడం వల్ల ఆ ఎరుపు. దక్షిణాసియాలో ఇలాంటివి తమిళనాడు, శ్రీలంకల్లో తప్ప పెద్దగా కనిపించవు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. కరెంట్ అఫైర్స్ నోట్సులో ఇది రాసుకునే ఉంటారు, కళ్లతో చూసినవాళ్లెందరు? అక్కడ ప్లాస్టిక్ సీసాలు పడేసి రావద్దు, ప్లీజ్.

బస్సు చివరి స్టాపు భీమిలి. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు ఇక్కడ స్థావరం వేశారు, వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు. గోస్తనీ నది సముద్రంలో కలిసేది ఇక్కడే. ఈ నది పేరు గుర్తుపెట్టుకోండి.

ఎందుకంటే ఇంకో ఆదివారం మీరు బొర్రా వెళ్తే అదే గోస్తనీ గుహల కింద పారుతూ కనిపిస్తుంది. విశాఖ నుంచి పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలు ఎక్కి బొర్రా గుహలు స్టేషన్‌లో దిగొచ్చు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకు చేర్చి జపాన్‌కు పంపడానికి 1960ల్లో వేసిన లైన్ ఇది. సొరంగం వచ్చిన ప్రతిసారీ జనరల్ బోగీలో పిల్లలు కేకలు పెడతారు, రెండో సొరంగానికి మీరూ పెడతారు. 2017 నుంచి అద్దాల విస్టాడోమ్ బోగీ కూడా ఉంది. టికెట్ ఎక్కువ, మన జేబుకు జనరల్ బోగీ కిటికీ చాలు. గుహల్లో సున్నపురాయి కరిగి, బొట్టుబొట్టుగా పేరుకుని పైనుంచి వేలాడే స్తంభాలను, కింద నుంచి లేచే దిబ్బలను చూస్తే జాగ్రఫీ పాఠం మళ్లీ చదవక్కర్లేదు. అరకు కూడా చుట్టేయాలనుకుంటే తిరుగు ప్రయాణం టైమ్ ముందే చూసుకోండి. డిసెంబరు, జనవరి వారాంతాల్లో మాత్రం వెళ్లకండి. కొండ చూసేకన్నా జనాన్ని చూడ్డమే ఎక్కువవుతుంది.

ఓ చిన్న మెలిక. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక బొర్రా, అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, బొజ్జన్నకొండ అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. పాత మెటీరియల్ చదివేవాళ్లు ఇక్కడ తప్పు పెడుతుంటారు.

బొజ్జన్నకొండ అనకాపల్లి దగ్గర శంకరంలో ఉంది. సంఘారామం అన్న మాటే శంకరమైందంటారు. 1906లో అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు చేపట్టారు. పక్కనే లింగాలకొండ మీద రాతిలో చెక్కిన స్తూపాలు వరసలు వరసలుగా ఉంటాయి. జనానికి అవి లింగాల్లా కనిపించాయి, పేరు అలా నిలిచిపోయింది. టైమ్ ఉంటే అచ్యుతాపురం వైపున్న కొండకర్ల ఆవకూ వెళ్లండి. కొల్లేరు తర్వాత రాష్ట్రంలో పెద్ద మంచినీటి సరస్సు. తాటి దోనెలు రెండు జతకట్టి అందులో తిప్పుతారు. కదిలితే ఊగుతాయి, సెల్ఫీ కోసం లేచి నిలబడొద్దు.

ఖర్చంటారా? భీమిలి దారికి బస్సు చార్జీ, ఓ టిఫిన్ డబ్బులు చాలు. అమ్మాయిలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమే, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు దగ్గరుంచుకోవాలి. ఇక బీచ్‌లో దిగేటప్పుడు మోకాలి లోతు దాటొద్దు. ఈ తీరంలో అల లాగేస్తుంది, ఈత వచ్చినవాళ్లు కూడా పోయారు. గల్లంతైన విద్యార్థుల వార్తలు మన పేపర్లోనే ఎన్నిసార్లు చదివాం!