వాగు వంకర తీయొద్దన్న ఇల్లాలు!

హ్యూస్టన్ పేరు మన ఇళ్లలో కొత్తేం కాదు. అక్కయ్యగారమ్మాయో, పక్కింటి వాళ్లబ్బాయో అక్కడ ఉండనే ఉంటారు. ఆ ఊళ్లో వాన పట్టిందంటే, ఫోనులో పిల్లల గొంతు వినేదాకా ఇక్కడ అమ్మలకి నిద్ర పట్టదు. అక్కడి నేల బల్లపరుపు, పైగా బంకమట్టి. నీరు త్వరగా ఇంకదు, త్వరగా పారదు. నిదానంగా కదిలే అక్కడి వాగుల్ని 'బయూ'లంటారు. నగరం నడిమధ్య నుంచి పోయేది బఫెలో బయూ.

వరదలకి ఇంజినీర్లు అప్పట్లో ఇచ్చిన మందు ఒక్కటే. చెట్లు కొట్టి, వంకరలు తీసి, వాగుని తిన్నటి కాలువ చెయ్యడం! బ్రేస్ బయూకి కాంక్రీటు పరిచారు. బఫెలో బయూ వంతూ వచ్చింది. 1966లో ఆ సంగతి టెర్రీ హెర్షీ చెవిన పడింది. ఆమె ఇంజినీరు కాదు, అధికారీ కాదు. అయినా ఊరుకోలేదు. ఇరుగుపొరుగుని కూడగట్టారు. కాంగ్రెస్ సభ్యుడు జార్జి బుష్‌ని ఒప్పించారు. తర్వాత దేశాధ్యక్షుడైన పెద్ద బుష్ ఆయనే. నిధులు ఆగాయి. వాగు వంకరగానే మిగిలింది. వంకర నీటి జోరు తగ్గిస్తుంది, చెట్ల వేళ్లు గట్టుని పట్టి ఉంచుతాయి మరి!

అయితే వరదలు ఆగాయా? లేదు. 2017 జనవరిలో హెర్షీ కన్నుమూశారు. అదే ఆగస్టులో హార్వీ తుపాను వచ్చింది. హ్యారిస్ కౌంటీలో లక్షన్నరకు పైగా ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. వరద ఆపడానికే 1940ల్లో ఎగువన ఆడిక్స్, బార్కర్ జలాశయాలు కట్టారు. మామూలు రోజుల్లో అవి ఎండే ఉంటాయి. ఆ వానకి నిండిపోతే గేట్లు ఎత్తక తప్పలేదు. దిగువన బయూ గట్టు ఇళ్లు మునిగాయి. ఎగువన జలాశయం అంచుల్లో లేచిన కాలనీలూ మునిగాయి. తాము కొన్న చోటికి జలాశయం నీరు రావచ్చని వాళ్లలో చాలామందికి తెలియనే తెలియదు!

ఒకప్పుడు ఎగువనున్న గడ్డి మైదానాలు వాన నీటిని కాస్త పట్టి ఉంచేవి. వాటి మీద ఇళ్లు, రోడ్లు, పార్కింగు స్థలాలు లేచాయి. నీరెక్కడికి పోవాలి? వాగొక్కదాన్నే కాపాడితే చాలదు. దాన్లోకి నీరు జారే నేలంతా వాగు కిందే లెక్క. 2018లో అక్కడి ఓటర్లు వరద పనులకి 250 కోట్ల డాలర్ల అప్పుకి సరేనన్నారు. ముందుచూపు కంటే మరమ్మతుకే ఖర్చెక్కువ!

ఇల్లు కొనేటప్పుడు తూర్పు గుమ్మమేనా, మంచినీళ్లొస్తాయా అని అడుగుతాం. వాన నీరు ఎటు పోతుందని ఎప్పుడైనా అడిగామా? ఈసారి అడగండి. హ్యూస్టన్‌లో ఇల్లు చూసుకుంటున్న మీ అమ్మాయికీ చెప్పండి!