మల్లెలు పూసే పెరట్లో ఇంటి కేకు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మిట్టనేల ఊళ్లు. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉంటాయి. మార్చిలో కోస్తా జనం ఉక్కపోతతో ఫ్యాను కింద చేరితే, ఇక్కడ సాయంత్రం పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు. సొంత తోటలో పూల మధ్య ఇంటి కేకు తినే సరదా ఈ ఊళ్లకు నప్పేది అందుకే.

వసంతంలో పెరటికి పెద్ద దిక్కు మల్లె. గుండుమల్లె విరగబూయాలంటే పని నవంబరు చివర్లోనే మొదలవ్వాలి. నీళ్లు తగ్గించి, ఆకు రాలనిచ్చి, కొమ్మలను నేల నుంచి మూరెడు ఎత్తున కత్తిరిస్తారు. ఆ తర్వాత పశువుల ఎరువు వేసి తడిపితే కొత్త చిగుళ్లు వస్తాయి. మొగ్గ కట్టేది ఆ చిగుళ్ల కొసలకే. కొట్టేయడానికి మనసొప్పక వదిలేస్తే పొద గుబురెక్కుతుంది గానీ పూత పలచబడుతుంది. చామంతి తీరు వేరు. పగటి పొద్దు తగ్గితేనే అది మొగ్గ తొడుగుతుంది కాబట్టి ఉగాది నాటికి దాని కాలం అయిపోతుంది. పిలకలు విడదీసి నాటుకోవడమే మిగిలిన పని. కనకాంబరం, బంతి పెద్దగా పేచీ పెట్టవు. చలిదేశాల వసంతంలో పూసే ట్యూలిప్ దుంపలకు వారాల తరబడి గట్టి చలి తగలాలి. ఇక్కడ వాటికోసం తాపత్రయపడటం దండగ.

కేకుకు ఓవెన్ లేకపోయినా కుక్కరు చాలు. అడుగున ఉప్పు పరిచి స్టాండు పెట్టి, మూతకున్న రబ్బరు, విజిల్ తీసేసి పది నిమిషాలు వేడిచేయాలి. కప్పు పెరుగులో ముప్పావు కప్పు చక్కెర కరిగించి, అరచెంచా వంటసోడా కలిపితే పెరుగులోని పులుపుకు సోడా నురగలు కక్కుతుంది. గుడ్డు లేని కేకును పొంగించేది ఈ గాలి బుడగలే. అందులో అరకప్పు నూనె, ఒకటిన్నర కప్పుల మైదా, చెంచాకు కాస్త ఎక్కువగా బేకింగ్ పౌడరు కలిపి వెంటనే గిన్నెలో పోసి, సన్నని సెగ మీద ముప్పావుగంట ఉంచాలి. పిండి కలిపి పక్కన పెడితే బుడగలు పోయి కేకు అణిగిపోతుంది. పొట్టిగా, ముద్దుగా ఉండే పుంగనూరు ఆవుల పాలకు వెన్న ఎక్కువని పేరు. అలాంటి పాల పెరుగైతే నూనె కొంచెం తగ్గించవచ్చు. సంగటి తినే సీమ కనుక రాగిపిండి కేకూ చేసుకుంటారు. అయితే రాగిలో మైదాకుండే సాగే గుణం ఉండదు. సగానికి మించి వేస్తే ముక్క కోయగానే పొడిపొడిగా రాలుతుంది.

ఎత్తు పెరిగేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, పిండి త్వరగా పొంగి కూలిపోతుంది. 700 మీటర్ల దగ్గర ఈ తేడా పట్టించుకునేంత ఉండదు. కడప కలెక్టరు హార్స్లీ వేసవి విడిదిగా ఎంచుకున్న హార్స్లీ కొండ మీద, అంటే 1,200 మీటర్లు దాటాక, బేకింగ్ పౌడరు కాస్త తగ్గించి, పాలో పెరుగో ఒకటి రెండు చెంచాలు ఎక్కువ వేయడం మంచిది.

కేకు మీద అలంకారానికి మందు కొట్టని పెరటి గులాబీ రేకులు వాడవచ్చు. అంగట్లో కొన్న పూలకు పురుగుమందు అంటి ఉండొచ్చు. గన్నేరు విషం, దాన్ని కేకు దరిదాపులకు కూడా రానివ్వకూడదు. మల్లెమొగ్గలు పొద్దుగూకాక విచ్చుకుంటాయి కాబట్టి వాటి వాసన కూడా కావాలనుకుంటే టీ, కేకు కాస్త ఆలస్యంగా బయటికి తేవాలి. చీమలు పట్టకుండా కేకు పళ్లేన్ని నీళ్లు పోసిన వెడల్పాటి తట్టలో గిన్నె బోర్లించి దానిమీద పెడితే చాలు.