వేలు మొద్దుబారితే... వేట ఆగాల్సిందే!

1940 నవంబరు 11. అమెరికాలో సెలవు రోజు. మిన్నెసోటా రాష్ట్రంలో ఆ ఉదయం చలికాలంలా లేనే లేదు. గాలి వెచ్చగా వీస్తోంది. బాతుల వేటకు ఇంతకన్నా మంచిరోజు ఏముంటుంది? పల్చటి కోట్లు తొడుక్కుని, తుపాకులు పట్టుకుని వందలాది మంది మిసిసిపీ నది లంకలకు పడవల్లో బయల్దేరారు.

కాసేపటికే ఆకాశం మారిపోయింది. ముందు వాన, ఆ తర్వాత మంచు. తుపానుకు బెదిరిన బాతులు గుంపులు గుంపులుగా రావడం మొదలైంది. ‘ఇంకాసేపు ఉందాం’ అనుకున్నారు చాలామంది. ఆ కాసేపే కొంప ముంచింది. కొన్ని గంటల్లోనే ఉష్ణోగ్రత పాతిక డిగ్రీలకు పైగా పడిపోయింది. ఈదురుగాలికి నదిలో అలలు లేచి పడవలు వెనక్కి రాలేకపోయాయి. ఆ తుపానుకి మిన్నెసోటాలో 49 మంది చనిపోతే, వాళ్లలో దాదాపు సగం మంది బాతుల వేటగాళ్లే. మర్నాడు మాక్స్ కాన్రాడ్ అనే పైలట్ చిన్న విమానంలో లంకల మీద తిరుగుతూ బతికున్నవాళ్లని వెతికిపెట్టాడు.

అలాంటి చలిలో ముందుగా మొరాయించేవి చేతులు. అగ్గిపుల్ల గీయాలన్నా, తాడు ముడి విప్పాలన్నా, తుపాకీలోంచి తూటా తీయాలన్నా వేళ్లు పనిచేయాలి. అందుకే చలిదేశాల వేటగాళ్లు తుపాకీని ఎంత జాగ్రత్తగా ఎంచుకుంటారో గ్లౌజుల్నీ అంతే జాగ్రత్తగా ఎంచుకుంటారు.

గుండె పదిలం... వేళ్లు బలి!

చలి పెరిగితే మన శరీరం ఒక లెక్క వేసుకుంటుంది. గుండె, మెదడు లాంటివి వెచ్చగా ఉంటే చాలు, మిగతావాటి సంగతి తర్వాత అనుకుంటుంది. చేతుల్లోని రక్తనాళాల్ని బిగించేస్తుంది. వేళ్లు సన్నగా ఉంటాయి, వేడి పుట్టించే కండ వాటిలో ఉండదు. కాబట్టి వేగంగా చల్లబడతాయి. వేలి చర్మం దాదాపు 15 డిగ్రీలకు పడిపోతే పనితనం తగ్గుతుంది. ఏడెనిమిది డిగ్రీలకు వస్తే స్పర్శే తెలియదు.

ఇందులో ఓ విచిత్రం ఉంది. వేళ్లని మంచునీళ్లలో ముంచితే ముందు రక్తనాళాలు మూసుకుంటాయి. కొన్ని నిమిషాల తర్వాత వాటంతట అవే తెరుచుకుని వెచ్చటి రక్తాన్ని పంపుతాయి. మళ్లీ మూసుకుంటాయి. 1930లో బ్రిటిష్ వైద్యుడు థామస్ లూయిస్ దీన్ని వివరించాడు. ‘హంటింగ్ రియాక్షన్’ అన్న పేరుతో అది స్థిరపడింది. పేరులో వేట ఉన్నా జంతువుల వేటతో దానికి సంబంధం లేదు. రక్తనాళాలు సరైన స్థాయి కోసం వెతుక్కుంటున్నట్టు ఉంటాయని ఆ పేరు. ఈ రక్షణ అందరిలో ఒకేలా ఉండదు. ఒళ్లంతా చల్లబడితే అసలు పనిచేయకపోవచ్చు కూడా.

మందంగా ఉంటే చాలదు

‘ఎంత లావుగా ఉంటే అంత వెచ్చన’ అనుకుంటాం కదా! అది సగమే నిజం. నిజానికి మనల్ని వెచ్చగా ఉంచేది గుడ్డ కాదు... అందులో కదలకుండా చిక్కుకున్న గాలి. బిగుతు గ్లౌజు తొడిగితే ఆ గాలి పోతుంది. పైగా రక్తప్రసరణ తగ్గుతుంది. ఎంత ఖరీదైనదైనా బిగుతుగా ఉంటే దండగే.

నాలుగు వేళ్లూ ఒకే సంచిలో, బొటనవేలు విడిగా ఉండే తొడుగుని మిటెన్ అంటారు. ఐదు వేళ్ల గ్లౌజు కన్నా ఇదే వెచ్చన. వేళ్లు ఒకదాన్నొకటి వెచ్చబెట్టుకుంటాయి మరి. అయితే దాంతో తుపాకీ పేల్చేదెలా? అసలు చిక్కంతా ఇక్కడే. చేతులు వెచ్చగా ఉండాలంటే మందం కావాలి, ట్రిగ్గరు మీద వేలికి స్పర్శ తెలియాలంటే పల్చగా ఉండాలి. లావు గ్లౌజుతో ట్రిగ్గరు దగ్గర వేలు పెడితే అనుకోకుండా పేలే ప్రమాదమూ ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం చూపుడు వేలికి విడిగా అర పెట్టిన మిటెన్లు వాడింది కూడా ఇందుకే.

ఇన్యూట్ అమ్మల విద్య

ఈ చిక్కుని ఉత్తర ధ్రువ ప్రాంతాల ఇన్యూట్ ప్రజలు ఎప్పుడో విప్పారు. గడ్డకట్టిన సముద్రం మీద, సీల్ ఊపిరి పీల్చుకోడానికి వచ్చే చిన్న కన్నం దగ్గర గంటల తరబడి కదలకుండా నిలబడటం వాళ్ల వేట. ఈటె విసిరే క్షణంలో చేయి మొద్దుబారితే ఆ రోజుకి ఇంటిల్లిపాదికీ పస్తే!

వాళ్ల మిటెన్ పేరు పువాలుక్. పొడి చలికి కారిబూ దుప్పి చర్మం, తడి పనులకి సీల్ చర్మం. కారిబూ వెంట్రుకల లోపల గాలి గదులుంటాయి కాబట్టి బరువు లేకుండానే వెచ్చదనం వస్తుంది. కుట్టేది ఆడవాళ్లు. నరాల దారంతో కుడితే తడిసినప్పుడు ఆ దారం ఉబ్బి సూది రంధ్రాల్ని మూసేస్తుంది. రెండు మిటెన్లనీ తాడుతో కలిపి మెడలో వేసుకునే పద్ధతీ వాళ్లకుంది. తీసి వదిలేస్తే గాలికి కొట్టుకుపోవు!

రెండు పొరల కిటుకు

నేటి వేటగాళ్లు చేసేదీ దాదాపు అదే. లోపల ఉన్నితోనో పాలియెస్టర్‌తోనో చేసిన పల్చటి గ్లౌజు. పైన వదులైన మిటెన్. ఎదురుచూసినంతసేపూ రెండూ ఉంటాయి. జింక కనబడగానే పై మిటెన్ తీసేస్తారు. పని కాగానే మళ్లీ తొడుగుతారు. మిన్నెసోటా ప్రాంతంలో ‘చాపర్స్’ అనే జింక తోలు మిటెన్లకి, లోపల వేసుకునే ఉన్ని తొడుగులకి ఇప్పటికీ గిరాకీ ఉంది. కట్టెలు కొట్టేవాళ్ల నుంచి వచ్చిన పేరది. జింక తోలు తడిసి ఆరినా మెత్తగానే ఉంటుంది.

చెట్టు మీది మంచెలో కదలకుండా కూర్చునేవాళ్లు నడుముకి మఫ్ కట్టుకుంటారు. రెండువైపులా తెరిచి ఉండే మెత్తటి గొట్టం అది. అందులో వేడి పొట్లం వేసి చేతులు దూర్చుకుంటే పల్చటి గ్లౌజే సరిపోతుంది. పొట్లంలోని ఇనుప పొడి గాలి తగిలి తుప్పుపట్టేటప్పుడు వేడి పుడుతుంది. గాలి ఆడకపోతే చల్లారిపోతుంది.

కొనేటప్పుడు కొన్ని పరీక్షలున్నాయి. పిడికిలి బిగిస్తే వేలి కొనలు గుడ్డని నొక్కకూడదు. లోపలి గ్లౌజు వేసుకునే పై మిటెన్ కొలత చూసుకోవాలి. పల్చటి గ్లౌజుతో నాణెం ఏరగలగాలి. మణికట్టు మీదికి వచ్చే పొడవు ఉండాలి. నూలు మాత్రం వద్దు... తడిస్తే అది నీటిని వదలదు. నీరు గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. అందుకే నీళ్లలో బొమ్మ బాతుల్ని అమర్చేటప్పుడు మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు వేసుకుంటారు. వేటాడిన జంతువుని కోసేటప్పుడు వెచ్చటి జత తీసి కోటులో దాచుకుంటారు. ఒక పొడి జత ఎప్పుడూ సంచిలో ఉండాల్సిందే.

చేతులు చల్లబడితే... టోపీ పెట్టు!

అనుభవజ్ఞులు చెప్పే మాటొకటుంది. చేతులు చల్లగా ఉంటే ముందు టోపీ, ఛాతీ మీది దుస్తులు చూసుకోమంటారు. ఒళ్లు వెచ్చగా ఉంటేనే శరీరం చేతులకి రక్తం పంపుతుంది. సిగరెట్ కాలిస్తే రక్తనాళాలు ఇంకా బిగుసుకుంటాయి. మద్యం తాగితే వెచ్చగా అనిపిస్తుంది కానీ ఒంట్లో వేడి బయటికి పోతుంది. వేళ్లు తెల్లబడి, నొప్పి కూడా తెలియకపోతే రుద్దకూడదు, మంట దగ్గర పెట్టకూడదు. చంకల్లో పెట్టుకోవాలి. గోరువెచ్చటి నీళ్లలో ఉంచి వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

మన దేశంలో 1972 నాటి చట్టం ప్రకారం వన్యప్రాణుల వేట నేరం. కానీ చలి మాత్రం ఎవరినీ వదలదు. మిన్నియాపోలిస్‌లో ఇంటిముందు మంచు ఎత్తిపోసే తెలుగువారికైనా, జనవరి తెల్లవారుజామున లంబసింగికి బైకు మీద వెళ్లే కుర్రాళ్లకైనా సూత్రం ఒకటే. వదులుగా, పొడిగా, రెండు పొరలుగా! అన్నిటికన్నా ముఖ్యమైంది ఇంకోటి. వేళ్లు మొద్దుబారుతున్నాయి అనిపించగానే చేస్తున్నది ఆపేసి వెనక్కి తిరగాలి. ఆనాడు మిసిసిపీ లంకల్లో ‘ఇంకాసేపు’ అనుకున్నవాళ్లలో చాలామంది ఇల్లు చేరలేదు.