అరగని జింకు

పడవ మోటారుకు బిగించిన జింకు ముక్క ఏడాది తిరిగినా కొత్తదానిలా కనిపిస్తోందంటే మురిసిపోవాల్సిన పనేమీ లేదు. అది పని మానేసి ఉండొచ్చు. ఆ ముక్క అరగకపోతే దాని బదులు మోటారు అరుగుతూ ఉంటుంది.

ఎందుకో పాత టార్చిలైటు సెల్లును చూస్తే తెలుస్తుంది. దాని బయటి డబ్బా జింకుదే. వాడేకొద్దీ ఆ డబ్బా లోపలి నుంచి కరిగి, ఆఖరికి చిల్లుపడి కారుతుంది. రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగులుతూ ఒకే ఉప్పునీటిలో మునిగి ఉంటే చాలు, అక్కడ సెల్లు తయారైనట్టే. ఎలక్ట్రాన్లను తేలిగ్గా వదిలేది కరుగుతుంది, రెండోది నిలుస్తుంది. అవుట్‌బోర్డ్ మోటారులో నీటిలో దిగే కాలు అల్యూమినియం మిశ్రమం, పంకా తిరిగే ఇరుసు స్టెయిన్‌లెస్ స్టీలు. వాటి మానాన వాటిని వదిలేస్తే తినుకుపోయేది అల్యూమినియమే. అందుకే అంతకన్నా తేలిగ్గా కరిగే లోహాన్ని పక్కన బిగిస్తారు. అదే ఆనోడు. సముద్రపు నీటిలో సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడుతో పోల్చి కొలిస్తే మోటారు అల్యూమినియం దాదాపు మైనస్ 0.75 వోల్టులు, జింకు ఆనోడు మైనస్ 1.03, అల్యూమినియం ఆనోడు మైనస్ 1.1, మెగ్నీషియం మైనస్ 1.5 చూపిస్తాయి. మైనస్ పెరిగేకొద్దీ ముందుగా కరిగే గుణం ఎక్కువ.

అల్యూమినియాన్ని అల్యూమినియమే కాపాడటమేమిటని అనుమానం రావచ్చు. మామూలు అల్యూమినియం మీద పలచని ఆక్సైడు పొర కమ్మి దాన్ని కరగనివ్వదు. ఆనోడు మిశ్రమంలో కొంచెం జింకు, పిసరంత ఇండియం కలుపుతారు. ఇండియం ఉంటే ఆ పొర గట్టిపడదు. పైగా ఇది కిలోకు సుమారు 2,500 ఆంపియర్ గంటల విద్యుత్తు ఇస్తుంది, జింకు ఇచ్చేది 780.

పల్నాటి రొంపిచెర్లలో పడవ మోటారు గొడవ ఎందుకనకండి. ఇక్కడి నుంచి పడమటికి వెళ్తే విజయపురి సౌత్, నాగార్జున సాగర్ జలాశయం. సముద్రం వైపు వెళ్తే ఓడరేవు, సూర్యలంక. రెండు చోట్లా ఒకే మోటారు తిరగొచ్చు, ఒకే ఆనోడు మాత్రం పనికిరాదు. సాగర్ నీటిలో లవణాలు తక్కువ, కరెంటు సరిగా పారదు. అక్కడ జింకు చాలదు, పైగా దాని మీద తెల్లటి పెచ్చు కట్టి ఉన్న పని కూడా ఆగిపోతుంది. మంచినీటికి మెగ్నీషియమే తగినది. దాన్నే సముద్రంలోకి తీసుకెళ్తే అతి అవుతుంది. ముక్క చూస్తుండగానే కరిగిపోతుంది, మోటారు చుట్టూ నీరు క్షారమై రంగు పొక్కుతుంది. అల్యూమినియానికి క్షారమూ శత్రువే. ఇక కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దగ్గర పోటుకు ఉప్పు, పాటుకు చప్పన. అలాంటి చోట, సముద్రంలోనూ అల్యూమినియం ఆనోడు నప్పుతుంది. సాగర్‌లో పెచ్చు కట్టిన జింకుతోనే ఓడరేవుకు వెళ్తే ఆనోడు లేనట్టే లెక్క.

ముక్కలు ఎక్కడుంటాయో ముందు తెలుసుకోవాలి. పడవ వెనక పలకకు మోటారును పట్టి ఉంచే బ్రాకెట్టు కింద ఒకటి, పంకాకు పైన ఉండే పలక అడుగున ఒకటి సాధారణంగా ఉంటాయి. ఇంజను లోపల నీళ్లు పారే దారుల్లోనూ చిన్నవి ఉండొచ్చు. అవి సర్వీసింగులో విప్పితే తప్ప కనబడవు. సగం అరిగిన ముక్కను మార్చేయాలి. మోటారుకు కొత్త రంగు వేయించేటప్పుడు ఆనోడు మీద కూడా రంగు కొట్టేస్తారు. నా దృష్టిలో దీన్ని మించిన తప్పు లేదు. రంగు పడిన ఆనోడుకు నీరు తగలదు. అలాగే ముక్కకూ మోటారుకూ మధ్య గ్రీజు, తుప్పు, రంగు ఏవీ ఉండకుండా గీకి శుభ్రం చేసి బిగించాలి. మల్టీమీటరును ఓమ్స్‌లో పెట్టి ఒక ముల్లు ఆనోడుకు, ఇంకొకటి మోటారు లోహానికి ఆనిస్తే ఒక ఓమ్ కూడా చూపించకూడదు. ముక్క నీటిలో మునిగి ఉండటమూ ముఖ్యం. మోటారును సగం పైకెత్తి కట్టేసినప్పుడు కాలు నీటిలోనూ ఆనోడు గాలిలోనూ ఉంటే కాపలా లేదు.

పంకా పైనున్న ముక్కకు కొన్ని మోటార్లలో చేప రెక్కలాంటి ఆకారం ఉంటుంది. దానికి ఇంకో పని కూడా ఉంది. పంకా తిరిగే ఊపుకు స్టీరింగు ఒక పక్కకు లాగుతుంది. పడవ కుడికి లాగుతుంటే రెక్క తోకను కొద్దిగా కుడికి తిప్పాలి, ఎడమకు లాగితే ఎడమకు. బోల్టు వదులు చేసి, కాస్త జరిపి, బిగించి, మామూలు వేగంలో నడిపి చూసుకోవాలి. పాత రెక్క విప్పే ముందు అది ఉన్న కోణాన్ని పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటే కొత్తది అదే చోట కూర్చుంటుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం. పడవలు ఒడ్డున ఉండే ఆ 61 రోజుల్లో ఇదంతా తీరిగ్గా చూసుకోవచ్చు.

ఇలా ఆనోడు బిగించే ఉపాయం రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీది. 1824లో బ్రిటిష్ నౌకాదళం ఓడల అడుగున తొడిగిన రాగి రేకులు కరిగిపోకుండా ఇనుము, జింకు ముక్కలు తగిలించి చూశాడు. కొచ్చిన్‌లో టేకుతో కట్టిన సమరాంగ్ అనే ఓడకూ వీటిని బిగించారు. రాగి భేషుగ్గా నిలిచింది. కానీ ఓడల అడుగున నాచు, గుల్లలు అంటుకున్నాయి! కరిగే రాగే అంతవరకూ వాటికి విషంగా పనిచేసేది. ఓడలు నెమ్మదించడంతో నౌకాదళం ఆ పద్ధతి మానేసింది. రసాయనంలో గెలిచి సముద్రంలో ఓడాడన్నమాట.

రొంపిచెర్లలో ఈ ఆనోడు ఉండేది స్నానాల గదిలో. నీళ్లు నిల్వ ఉండే గీజర్లలో చాలావాటికి ఉక్కు ట్యాంకు లోపల మెగ్నీషియం కడ్డీ వేలాడుతుంటుంది. పల్నాటిది సున్నపురాయి నేల. బోరు నీళ్లలో లవణాలు ఎక్కువైతే కడ్డీ త్వరగా అరుగుతుంది, కొన్నిసార్లు దాని మీద సున్నం పేరుకుని పనే చేయదు. మెకానిక్కు హీటరు కాయిల్ మార్చి వెళ్లిపోతాడు, కడ్డీ ఊసు ఎవరూ ఎత్తరు. ట్యాంకు విప్పినప్పుడే దాన్నీ తీయించి చూడండి. మధ్యలోని ఉక్కు తీగ బయటపడి ఉంటే కొత్తది వేయించాల్సిందే.