ప్యాడ్లు ఆలస్యమైతే డిస్కులకు తడిసి మోపెడు

చిన్న సరుకు బండ్ల బ్రేకు ఖర్చులో ఆదా ఎక్కడున్నది?

విజయవాడ: బస్తా ధరలో కిరాయి కలిసే ఉంటుంది. కిరాయిలో డీజిలు, టైర్లు, డ్రైవరు జీతం, మరమ్మతులు కలిసే ఉంటాయి. డీజిలు ధర పైసలలో మారినా లెక్కవేసే వర్తకుడు బ్రేకుల ఖర్చును మాత్రం బండి ఆగినప్పుడే తలచుకోవడం పరిపాటి. 2005లో టాటా ఏస్ రంగంలోకి వచ్చిన తర్వాత యార్డు నుంచి గిడ్డంగికి, మిల్లు నుంచి దుకాణానికి సరుకు చేరవేత చాలావరకు చిన్న బండ్ల మీదికి మళ్లింది. సొంత బండి ఉన్న వర్తకుల సంఖ్యా పెరిగింది. ఏస్, బొలెరో పికప్, దోస్త్ వంటి బండ్లకు ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, వెనుక చక్రాలకు డ్రమ్ము బ్రేకులు ఉంటాయి. ఆగే శక్తిలో పెద్ద పాలు ముందు చక్రాలదే కనుక ముందు ప్యాడ్లే త్వరగా అరుగుతాయి.

ఈ ఖర్చు తగ్గించుకోవాలనుకునేవారు సాధారణంగా చేసేది చౌక ప్యాడ్లు వెతకడం. కాని అసలు ఆదా అక్కడ లేదు. సకాలంలో మార్చడం, కొలిచిన తర్వాతే మార్చడం, బిల్లుతో కొనడం - ఈ మూడింటిలోనే ఉన్నది.

అరగవలసినది ఒకటి, అరిగేది రెండు

పెడలు నొక్కగానే కాలిపరులోని పిస్టను రెండు ప్యాడ్లను డిస్కుకు ఇరువైపులా అదుముతుంది. ప్యాడు అరగడానికే తయారైన సరుకు. డిస్కు పోత ఇనుముతో చేసినది; ఒక డిస్కు మీద అనేక జతల ప్యాడ్లు అరగవలసి ఉంటుంది. కొత్త ప్యాడు మీద రాపిడి పదార్థం సుమారు 10 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అది 3 మిల్లీమీటర్లకు దిగగానే మార్చడం మేలు. అంతకు మించి లాగితే పదార్థం పూర్తిగా పోయి, వెనుకనున్న ఇనుప పలక డిస్కును గీయడం మొదలుపెడుతుంది. కొన్ని రకాల ప్యాడ్లకు చిన్న రేకు ఒకటి అమర్చి ఉంటుంది. ప్యాడు అరిగినప్పుడు అది డిస్కుకు తగిలి కీచుమంటుంది. ఆ చప్పుడుకు స్పందిస్తే ప్యాడ్ల ఖర్చుతో సరిపోతుంది. ఇనుమూ ఇనుమూ ఒరుసుకునే గరగర వినబడేదాకా ఆగితే డిస్కులకూ చెల్లించవలసిందే.

బరువు, వేగం కూడా ప్యాడ్ల ఆయుష్షును నిర్ణయిస్తాయి. బండిని ఆపేటప్పుడు పుట్టే వేడి బరువుతో సమంగా, వేగం విషయంలో వర్గంగా పెరుగుతుంది. 40 కిలోమీటర్ల వేగంలో ఆపడం కంటే 60 కిలోమీటర్ల వేగంలో ఆపితే బ్రేకుల మీద పడే పని రెండింతలకు పైగా, అంటే 2.25 రెట్లు. పరిమితికి మించి బస్తాలు వేసే బండికి ఈ ఖర్చు ప్రతి ట్రిప్పులోనూ పెరుగుతూనే ఉంటుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక బరువుకు 20,000 రూపాయల జరిమానా, అదనపు ప్రతి టన్నుకు మరో 2,000 రూపాయలు.

కాగితం మీద లెక్క

ధరలు బండిని బట్టి, ఊరిని బట్టి మారుతాయి. లెక్క కోసం మాత్రం ముందు చక్రాల మంచి ప్యాడ్ల సెట్టు 1,500 రూపాయలు, చౌక సెట్టు 900, డిస్కుల జత 4,500, ప్యాడ్లు మార్చే కూలి 600, డిస్కులతో సహా మార్చే కూలి 900 అనుకుందాం. మంచి ప్యాడ్లు సకాలంలో మూడుసార్లు మార్చి, మూడోసారి డిస్కులు కూడా వేయించిన యజమానికి అయ్యేది 11,100 రూపాయలు. చౌక ప్యాడ్లు వేసి, ప్రతిసారీ ఇనుము తగిలేదాకా నడిపి, మూడుసార్లూ డిస్కులతో సహా మార్చినవాడికి అయ్యేది 18,900. సెట్టుకు 600 చొప్పున మిగుల్చుకున్నవాడు చివరకు 7,800 అదనంగా ఇచ్చుకున్నాడు. బండి అదనంగా ఆగిన రోజుల కిరాయి ఈ లెక్కలో చేరలేదు.

డిస్కు మార్చాలా, ఉంచాలా?

దీనికి రెండువైపులా పొరపాట్లు జరుగుతున్నాయి. కొందరు అరిగిన డిస్కును ఉంచేస్తారు, మరికొందరు బాగున్న డిస్కును తీసివేస్తారు. తగవు తీర్చే అంకె చాలా డిస్కుల అంచు మీదో, మధ్యభాగం మీదో అచ్చుపోసి ఉంటుంది. అదే కనీస మందం. మైక్రోమీటరుతో నాలుగైదు చోట్ల కొలిచి చూడాలి. అంచున అరగని గట్టు మిగిలి ఉంటుంది కనుక మామూలు వెర్నియరుతో కొలిస్తే మందం ఎక్కువగా కనబడి మోసపోయే అవకాశం ఉన్నది.

మందం కనీస అంకెకు పైన ఉండి, ముఖం నునుపుగా ఉంటే పాత డిస్కు మీదనే కొత్త ప్యాడ్లు వేసుకోవచ్చు. సన్నని గీతలు దోషం కాదు. బ్రేకు వేసినప్పుడు పెడలు గాని, స్టీరింగు గాని అదురుతుంటే డిస్కు మందం అంతటా సమంగా లేదని అనుమానించాలి. లేతు మీద ఇరువైపులా సమంగా చెక్కించిన తర్వాత కూడా కనీస మందం మిగిలేటట్లయితే ఆ పని చేయించుకోవచ్చు. మిగలకపోతే, పగుళ్లు కనబడితే, వేడికి నీలిరంగు తిరిగి ముఖం చెడితే మార్చక తప్పదు. మార్చినప్పుడు కుడి ఎడమలు రెండూ కలిపి మార్చాలి. హబ్బు మీది తుప్పు శుభ్రం చేయకుండా బిగిస్తే కొత్త డిస్కు కూడా అదురుతుంది. ఆ నింద సరుకు మీద పడుతుంది.

ఒక ప్యాడు బాగా అరిగి రెండోది నిండుగా ఉంటే తప్పు ప్యాడ్లది కాదు. కాలిపరు జారే పిన్నులు తుప్పుపట్టి బిగుసుకున్నాయన్నమాట. ఇలాంటప్పుడు కాలిపరే మార్చాలని చెప్పడం కద్దు. చాలా సందర్భాలలో పిన్నులు శుభ్రం చేసి, రబ్బరు తొడుగులు, సీళ్ల కిట్టు మార్చి, బ్రేకులకని అమ్మే ప్రత్యేక గ్రీజు రాస్తే సరిపోతుంది. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది. వెనుక డ్రమ్ములకు కూడా ఇదే సూత్రం. అక్కడ చూడవలసినది గరిష్ఠ లోపలి వ్యాసం, లైనర్ల మందం.

సరుకులో మూడు రకాలు

బజారులో దొరికే ప్యాడ్లు స్థూలంగా మూడు రకాలు. బండి కంపెనీ పేరుతో వచ్చే డబ్బా మొదటిది. బండ్ల కంపెనీలకే సరఫరా చేసే తయారీదారులు తమ సొంత పేరుతో అమ్మేది రెండోది. ఊరూపేరూ లేని లోకల్ సరుకు మూడోది. చెన్నైలో 1962లో బ్రేక్స్ ఇండియా, 1964లో రానే, 1974లో సుందరం బ్రేక్ లైనింగ్స్ మొదలైనప్పటి నుంచి దక్షిణాదిన రెండో రకం సరుకుకు కొరత లేదు. మంచితనానికి, ధరకు సమతూకం సాధారణంగా ఈ రకంలోనే కుదురుతుంది. విడిభాగాలను బయటి బజారులో దొరకనివ్వడం లేదన్న ఆరోపణపై 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,500 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. ఆ వ్యవహారం తర్వాత అప్పీళ్లకు వెళ్లింది.

ప్యాడు పదార్థం తెలుగు వర్తకులకు పూర్తిగా పరాయిది కాదు. రెజిను, ఉక్కు పీచు, గ్రాఫైటుతో పాటు అందులో ముగ్గురాయి పొడి కలుపుతారు. రైల్వే కోడూరు దగ్గరి మంగంపేట ముగ్గురాయి నిక్షేపాలు లోకప్రసిద్ధం. పలాస వర్తకులకు తెలిసిన జీడిపిక్కల తొక్క నూనె నుంచి చేసే పొడి కూడా ఈ పరిశ్రమకు ముఖ్యమైన ముడిసరుకు. ఈ పాళ్లు, ఒత్తిడి, వేడి సరిగ్గా ఉంటేనే పదార్థం పలకను అంటిపెట్టుకుంటుంది. నకిలీ సరుకులో పొదుపు జరిగేది ఇక్కడే. వేడెక్కినప్పుడు పట్టు తప్పడం, పదార్థం పెచ్చులుగా ఊడిపోవడం దాని లక్షణం. గరిష్ఠ చిల్లర ధర, తయారీ నెల, బ్యాచి సంఖ్య లేని డబ్బాను, అంచులు గోటికి రాలే ప్యాడును తిప్పి పంపడమే క్షేమం. ఆస్బెస్టాస్ లేని సరుకునే అడగాలి. పాత బ్రేకుల దుమ్మును కంప్రెసరు గాలితో ఊదనివ్వరాదు, తడిపి తుడవాలి.

పన్ను సంగతి

2025 సెప్టెంబరు 22 నుంచి మోటారు విడిభాగాలపై జీఎస్టీ 18 శాతానికి దిగింది. అంతకుముందు చాలా భాగాలపై 28 శాతం ఉండేది. పన్నుకు ముందు ధర 10,000 రూపాయలైతే బిల్లు 12,800 నుంచి 11,800కు తగ్గాలి. దుకాణదారు ఎప్పుడు తెచ్చిన సరుకైనా అమ్మిన నాటి రేటే వర్తిస్తుంది. సరుకు రవాణా బండి వ్యాపారంలో ఉంటే ఆ 1,800 రూపాయలను ఇన్‌పుట్ క్రెడిటుగా జమ చేసుకోవచ్చు. పన్ను లేని సరుకు మాత్రమే అమ్మేవారికి, కాంపోజిషన్ పథకంలో ఉన్నవారికి ఈ వెసులుబాటు లేదు. మిగిలినవారు బిల్లు లేకుండా పది శాతం తగ్గింపుకు ఆశపడితే నష్టపోయేది వారే.

పని చేయించేటప్పుడు

విడిభాగాల ధర, కూలి వేర్వేరుగా ముందే మాట్లాడుకోవాలి. చక్రం విప్పి, కొలత చూపించిన తర్వాతే డిస్కు ఆర్డరు ఇవ్వాలి. తీసిన పాత భాగాలు వెనక్కి అడగాలి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక, బండి కంపెనీ వేరుగా చెప్పకపోతే రెండేళ్లకొకసారి మార్చడం మంచిది. డాట్ 3 కావాలో డాట్ 4 కావాలో ట్యాంకు మూత మీద చూసుకోవాలి. కొత్త ప్యాడ్లు వేసిన తర్వాత పెడలు గట్టిపడేదాకా నాలుగైదుసార్లు నొక్కనిదే బండి కదల్చరాదు. మొదటి 200, 300 కిలోమీటర్లు హఠాత్తు బ్రేకులు వేయకుండా, తేలిక బరువుతో నడిపితే ప్యాడు డిస్కుకు ఒదుగుతుంది.

బండిని సరైన స్థితిలో ఉంచడం బీమా పాలసీలో యజమాని మీదనున్న షరతు. ఫిట్‌నెస్ పరీక్షలోనూ బ్రేకులు చూస్తారు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఆ పరీక్ష ఏటేటా తప్పదు. అన్నిటికీ మించి, బ్రేకు పట్టు తప్పిన బండి కింద పడే ప్రాణానికి ఏ లెక్కల పుస్తకంలోనూ జమ లేదు.

ప్రతి 5,000 కిలోమీటర్లకు ఒకసారి ప్యాడ్ల మందం చూసి పుస్తకంలో రాసుకుంటే మార్చవలసిన నెల ముందే తెలుస్తుంది. గుంటూరు యార్డుకు మిర్చి రాబడులు ఫిబ్రవరి నుంచి ముమ్మరమవుతాయి. యార్డు సరుకు మోసే బండ్లకు సంక్రాంతిలోగా ప్యాడ్లు చూపించుకుని, డిస్కుల వంటి పెద్ద పని ఉంటే యార్డు వేసవి సెలవులకు పెట్టుకుంటే, కిరాయి పలికే రోజుల్లో బండి షెడ్డులో నిలబడదు.